జీతపు కన్నులు

ముళబాగిలునకు సమీపమున, కోలారు జిల్లా తూర్పు అంచున, కురుడుమలె యను చిన్న గ్రామము కలదు. పదుమూడడుగుల యెత్తుగల ఏకశిలా వినాయకుడు అచట కొలువై యున్నాడు. దూరప్రయాణమునకు, వివాహమునకు, వ్యాజ్యమునకు, తుదకు ఎన్నికల ప్రచారమునకు సయితము ముందుగా ఆయనను దర్శించి బయలుదేరుట ఈ సీమవారి యాచారము. ఇంట తెలుగును బడిలో కన్నడమును మాటాడు మనవంటి కుటుంబములకు ఆ యూరిపేరు రెండు విధముల వినవచ్చును. కన్నడమున ‘కురుడు’ అనగా గ్రుడ్డితనము, ‘మలె’ యనగా కొండ. స్థలపురాణము చెప్పువారు మాత్రము దీనికి సమ్మతింపరు. అసలు పేరు ‘కూడుమలె’ యట. త్రిపురాసుర సంహారమునకు ముందు త్రిమూర్తులు ఇచట కూడి విఘ్నేశ్వరుని ప్రతిష్ఠించుటచే ఆ పేరు కలిగెనట. కూడిన కొండయే జనుల నాలుకలపై నలిగి గ్రుడ్డికొండ యైనదట. పేరు పుట్టుక యెట్లున్నను, చూపులేమియు కూడికయు ఒక్క మాటలో ఇమిడియుండుట మా వ్యాసమునకు తగిన నాంది. మన నాటకరంగముపై అంగవైకల్యముగలవాడు ఏ రూపమున కనబడుచున్నాడు? వానికి తోడుగా నిలుచువా రెవరు? ఆ తోడు ప్రేమ వలన వచ్చినదా, జీతము వలన వచ్చినదా? ఈ ప్రశ్నలు క్రొత్త నాటకములవారు కనిపెట్టినవి కావు. మనము ఊరూర రాత్రులు మేలుకొని చూచిన భారత నాటకములోనే అవి యున్నవి. పద్యముల హోరులో మన చెవిని బడలేదు.

శివరాత్రికి, శ్రీరామనవమికి, గ్రామదేవత జాతరకు పందిరి వేసి పౌరాణిక నాటకము లాడు వాడుక ఈ ప్రాంతమున నేటికిని పోలేదు. ఒక యూర కన్నడ కురుక్షేత్రము, మరియొక యూర తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయములు’. వేషమునకు ఇంతయని డబ్బు వేసికొని ఔత్సాహికులు నాటకమాడు పద్ధతి పాఠకులకు తెలిసినదే. శ్రీకృష్ణునకు, దుర్యోధనునకు పెద్ద మొత్తము. భీమార్జునులకు కొంత తగ్గుదల. ధృతరాష్ట్ర వేషమునకు పోటీ యుండదు. కన్నులు మూసికొని ఒక మూల కూర్చుండవలెను, పటము తీయించుకొన్నను ముఖము బాగుండదు. సంజయుని సంగతి చెప్పనక్కరలేదు. గొంతు అంతంతమాత్రమైనవానికో, క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికో అది దక్కును. పాత్రయొక్క విలువ ఇట్లు రూపాయలలో ముందే తేలిపోవుచుండగా, ఆ కథలో మిక్కిలి లోతైన బంధము ఆ రెండు చౌక వేషముల నడుమనే కలదని గ్రహించు తీరిక ఎవరికుండును?

మరియొక విడ్డూరము. మన నాటకము వినాయక ప్రార్థనతో గాని మొదలుగాదు. ఆ దేవుడెవడు? ఏనుగు తల, బానపొట్ట, విరిగిన దంతము గలవాడు. లోకమునందలి మేనులలో ఏ మేనికిని సరిపోలనివాడు. ఆ యేకదంతునకు చేతులు జోడించి తెర యెత్తుదుము. తెర లేచిన పావుగంటకే శకుని కాలీడ్చుచు ప్రవేశించును. పందిరి యంతయు ఘొల్లున నవ్వును. శకుని కుంటివాడని వ్యాసుడు చెప్పలేదు. మంథర గూనిది యని వాల్మీకి చెప్పిన మాట నిజము; శకుని కుంటు మాత్రము నటులు చేర్చిన సొమ్ము. 1988లో దూరదర్శనమున ప్రసారము మొదలైన మహాభారతములోను అతడు కుంటుచునే నడచెను గనుక, ఇప్పుడది వ్యాసప్రోక్తమే యని నమ్మువారు పెక్కురు. మనసు వంకరయైనవానికి కాలును వంకరగా నుండవలె ననుట సులభమైన రంగోపాయము. కాని ఆ పందిరిలో పోలియో సోకి కాలు సన్నగిల్లిన బాలుడొకడు తల్లి ప్రక్కను కూర్చుండి యుండును. నవ్వు వానిని చుట్టివచ్చును. వాడును నవ్వవలసినదే, లేకున్న అందరు తనవంక చూతురు. సాంఘిక నాటకములలో చెవిటివాడును, నత్తివాడును చేయు పని ఇంతకన్న మేలైనది కాదు. 2024 జూలైలో మన సుప్రీంకోర్టు దృశ్యమాధ్యమములలో వికలాంగుల చిత్రణమును గూర్చిన యొక తీర్పులో, వైకల్యమును తెలిసికొనుటకు తోడ్పడు హాస్యము వేరు, వికలాంగుని కించపరచు హాస్యము వేరు అని విడదీసినది. న్యాయస్థానము చెప్పువరకు హాస్యగాండ్రకు ఇది తోచకపోవుట రంగస్థలమునకు గౌరవము కాదు.

ఇక అసలు పాత్రకు వత్తము. ధృతరాష్ట్రుని మన నటులు అభినయించు తీరు ప్రసిద్ధము: కనుగ్రుడ్లు పైకి త్రిప్పుట, చేతులతో గాలిని తడవుట, కంఠమున వణకు. ఈ మూడింటిలో మొదటిదొక్కటే కథకు ఒప్పును. పుట్టు గ్రుడ్డియై, బాల్యము నుండి ఒక్క నగరిలోనే పెరిగి ముదిసినవాడు గాలిని తడవడు. ఏ స్తంభ మెచట నున్నదో, ఏ మెట్టు ఎంత యెత్తో, వచ్చుచున్న యడుగు విదురునిదో దుశ్శాసనునిదో వానికి తెలియును. తడవువాడు నిన్న చూపు పోయినవాడు. వణకు అంతకన్న తప్పు. యుద్ధానంతరము ఇనుప భీముని కౌగిలించి పిండిచేసిన బాహువు లవి. ఈ నటులు చూపులేని మనుష్యుని చూచి నేర్చుకొన్నవారు కారు. తమకన్న ముందటి నటుని చూచి నేర్చుకొన్నవారు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారు శ్రీకృష్ణ పాత్రకు ఒక్కొక్క నూతన మార్గమును వేసిరి. ఆ గౌరవము ధృతరాష్ట్రునకు లభింపకపోవుటకు కారణము అతడు మనకు మనిషిగా గాక సంకేతముగా కనబడుటయే. పుత్రవ్యామోహమునకు అతని గ్రుడ్డితనము గుర్తు. గుర్తునకు నడక ఏల, అలవాట్లేల, తోడేల?

ఆదిపర్వమును తిరిగి చదివినచో గుర్తు వెనుక మనుష్యుడు లేచి నిలుచును. పెద్దవాడయ్యును, చూపులేనివాడగుటచే రాజ్యమునకు అర్హుడుకాడని అతనిని ప్రక్కకు నెట్టి పాండురాజును అభిషేకించిరి. తరువాత తమ్ముడు అడవికి పోగా సింహాసనముపై కూర్చుండెను గాని, అది తనదే యన్న నిశ్చింత ఒక్కనాడును కలుగలేదు. భారత యుద్ధమునకు జూదము కారణమందురు, ద్రౌపదీ పరాభవము కారణమందురు. వానికన్న వెనుక ఈ తొలి నిరాకరణము కలదు. దుర్యోధనుని లోభమునకు మేము వకాలతు పుచ్చుకొనుట లేదు. కన్నులు లేవను కారణమున తనకు తప్పిన హక్కు కొడుకునకైనను దక్కవలెనని పెనుగులాడు తండ్రిని ఒక్కసారియైనను రంగముపై చూడవలెనని మాత్రము అనుచున్నాము.

ఇది పురాణకాలపు ముచ్చట యని త్రోసివేయరాదు. పుట్టంధునకు, పుట్టు చెవిటికి, మూగకు పిత్రార్జితమున భాగము లేదనియు, పోషణ మాత్రమే ఉండుననియు మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. బ్రిటిషు ఇండియా న్యాయస్థానములు ఈ నియమమును 1928 వరకు అమలుజరిపినవి. ఆ యేట వచ్చిన శాసనము జన్మసిద్ధమైన ఉన్మాదమును, జన్మసిద్ధమైన బుద్ధిమాంద్యమును దక్క తక్కిన వైకల్యములను ఆ నిషేధమునుండి తొలగించెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 28వ సెక్షనుతో ఆ మిగిలినదియు తొలగెను. అనగా ఉద్యోగ విజయములు క్రొత్తగా ఆడుచున్న దినములలో, పందిరి క్రింద కూర్చుండి చూచిన పుట్టంధుడు తన తండ్రి పొలములో గజము నేలకు హక్కుదారు కాకయే యింటికి పోయెను. ఆ ప్రేక్షకునకు ధృతరాష్ట్రుడు సంకేతముగా కనబడి యుండడు.

ఐనను ధృతరాష్ట్రుడు రాజు. ఇదియే చిక్కు. పొలము లేని అంధునకు కోలయే గతి. ఈయనకు సంజయుడు కలడు. సంజయుడు సూతుడు, గవల్గణుని కుమారుడు, కొలువులో నున్నవాడు. అతని కన్నులు రాజునకు జీతపు కన్నులు. పక్షవాతమున పడిన పెద్దలకు జీతమిచ్చి పనిమనిషిని పెట్టిన కుటుంబములు మనలో ఎన్నియో కలవు. చెంబెత్తి నీళ్లు పోయు చేతికిని, ఆ నీళ్లకై యెదురుచూచు దేహమునకును నడుమ పుట్టు సంబంధము ఎట్టిదో వారికి తెలియును. అది బంధుత్వము కాదు, ఉత్త నౌకరియు కాదు. యజమానికి అధికారముండును, అవసరమును ఉండును. పనివానికి అధికారము లేదు. కాని అతడు ఒక్కపూట రాకున్న ఇల్లు స్తంభించును.

ఉద్యోగపర్వమున ఈ సంబంధమునకు అద్దము పట్టు రాత్రి యొకటి కలదు. పాండవుల యొద్దకు రాయబారమేగిన సంజయుడు తిరిగివచ్చును. ముసలిరాజు ఆత్రముతో నుండును. సంజయుడు రాజును కఠినముగ నిందించి, రథవేగమున అలసితిననియు, యుధిష్ఠిరుని సందేశమును మరునాడు సభలోనే చెప్పుదుననియు పలికి, అనుజ్ఞ గొని నిదురించుటకు పోవును. ఎంత దారుణమైన ఘట్టమిది! కన్నులు తామే మూసికొని, తెల్లవారనిమ్మని వెడలిపోయినవి. రాజ్యమున్న రాజు ఆ రాత్రి ఎవ్వరిని ఏమియు చేయలేడు. నిదుర రాక విదురుని పిలిపించుకొనును. విదురనీతి యని మనము చదువుకొను గ్రంథమంతయు ఆ జాగరణము నుండి పుట్టినదే. మన ప్రదర్శనములలో సంజయ రాయబారమనగా ధర్మరాజు పద్యములకును భీముని గద్దింపులకును సంజయుడు నిలుచుండి వినుట. వినిన పిదప అతడు హస్తినకు మరలివచ్చిన రాత్రిని మేము చూచిన యే పందిరిలోను ఆడలేదు. అందు రాగము తీయుటకు తావు లేదు. ఇద్దరు మనుష్యులు, ఒక మౌనము, ఒక తలుపు. ‘వన్స్‌మోర్’ రాదు.

గాంధారిని గూర్చియు ఒక్కమాట. కన్నులకు గంతలు కట్టుకొనుటను పాతివ్రత్యమునకు పరాకాష్ఠగా పొగడుచున్నాము. ఆ యిల్లాలు గంతలు కట్టుకొనకున్నచో, జీతము లేని కన్నులు ఆ యింట రెండుండెడివి. పొగడ్త మాని ఈ లెక్కను వేసిచూచిన నటి ఇంకను రావలసియున్నది.

ఆధునిక రంగస్థలమునకు వచ్చినచో, భారతాంధ్యమును చేపట్టిన ప్రఖ్యాత నాటకము ధర్మవీర్ భారతి హిందీలో రచించిన ‘అంధాయుగ్’. దేశవిభజన నెత్తురు ఇంకను ఆరని దినములలో, 1953 ప్రాంతమున, పుట్టినది. 1963లో ఇబ్రహీం అల్కాజీ దానిని ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట శిథిలములలో ప్రదర్శించెను. గొప్ప నాటకము, సందేహము లేదు. కాని అందును అంధత్వము ఒక యుగమునకు గుర్తే. చూపున్నవారు తమ పాపమును చూపులేనివాని కనులలో ఉంచి చూచుకొనుట అచటను తప్పలేదు.

గుర్తును వదలి దేహమునే యెదుట నిలిపిన నాటకము మనకు చేరువలో, బెంగుళూరిలో, పుట్టినది. మహేశ్ దత్తాని ఆంగ్లమున వ్రాసిన ‘తార’ 1990లో ఆ నగరముననే తొలుత ప్రదర్శింపబడెను. నడుమున అతుక్కొని పుట్టిన కవలలు, ఆడపిల్ల తార, మగపిల్లవాడు చందన్. ఇద్దరకును కలిసి మూడు కాళ్లు. మూడవ కాలికి రక్తము ముఖ్యముగా ఆడపిల్ల వైపునుండియే అందుచున్నది. ఆమెకు ఉంచినచో నిలుచు నవకాశము హెచ్చు. తల్లియు, పలుకుబడిగల మాతామహుడును వైద్యునితో ఏకాంతముగ మాటాడి ఆ కాలిని మగపిల్లవానికి అమర్చునట్లు చేసిరి. వైద్యునకు ఆసుపత్రి కట్టుకొనుటకు నగరమున మంచిచోట స్థలము ముట్టెను. ఆ కాలు మగవాని దేహమున రెండు దినములే బ్రదికెను. తరువాత తీసివేసిరి. ఇద్దరును ఒంటికాలివారై, కొయ్యకాలితో పెరిగిరి.

ఈ కథను మన పెద్దలలో ననేకులు ఆడపిల్లకు జరిగిన అన్యాయముగా మాత్రమే గ్రహింతురు. అది నిజమే. కాని అందు మమ్ము వెన్నాడునది రూప యను పొరుగింటి బాలిక. తల్లి భారతి తన నేరమును మోయలేక, కూతురునకు స్నేహితురాలిని సమకూర్చ జూచును. రూపను పిలిచి, ఇంట వీడియో చూడవచ్చునని ఆశపెట్టి, తారతో చెలిమిచేయుమని బేరమాడును. స్నేహము కొనబడెను. కొన్న స్నేహము ఎంతకాలము నిలుచునో అంతకాలమే నిలిచెను; రూప లోలోపల తారను ఏవగించుకొనుచునే యుండెను. హస్తినాపురపు సంజయుడు జీతగాడయ్యు సత్యము పలికెను. బెంగుళూరి రూప నేస్తమన్న పేరు పెట్టుకొని అసత్యమాడెను. వైకల్యముగలవానికి ఎక్కువ హాని చేయునది జీతమా, జీతమిచ్చుచున్న సంగతి దాచుటయా? దాచుటయే యని మా యభిప్రాయము.

మన యిండ్ల బిడ్డలు పలువురు నేడు అమెరికాలో, అందును న్యూజెర్సీ రాష్ట్రమున, స్థిరపడియున్నారు గాన ఆ సీమ నాటక మొకటి ఇచట ప్రస్తావించుట అసంగతము కాదు. పోలండున పుట్టి బాల్యముననే అమెరికా చేరిన మార్టీనా మాయోక్ వ్రాసిన ‘కాస్ట్ ఆఫ్ లివింగ్’ 2018లో పులిట్జర్ బహుమానము నందెను. ఇందలి జాన్ ధనవంతుడు, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థి. పుట్టుక నుండి సెరిబ్రల్ పాల్సీ యను నాడీవ్యాధి వలన అవయవములు స్వాధీనములో లేనివాడు. అతనికి స్నానము చేయించి, గడ్డము గీయుటకు కుదిరిన జెస్ అను యువతి అదే విశ్వవిద్యాలయమున చదివియు, వలస కుటుంబమునుండి వచ్చి, రాత్రులు మద్యశాలలలో పనిచేసినను పూట గడవనిది. ఎవరు నిస్సహాయులు? రంగముపై అతనిని బట్టలు విప్పి స్నానపు గదిలో కూర్చుండబెట్టి ఆమె నీరు పోయునప్పుడు ప్రేక్షకుడు అతనిపై జాలిపడును. ఒక శుక్రవారము రాత్రి రమ్మని అతడు పిలువగా, అది ప్రేమపిలుపని తలచి ఆమె ముస్తాబై వచ్చును. అతడు పిలిచినది, తాను మరియొక యువతితో విందునకు పోవుచున్నాడు గనుక తనను సిద్ధము చేయుటకు! అప్పుడు జాలి దిక్కు మార్చుకొనును. చక్రముల కుర్చీలో నున్నవాడు దెబ్బతీయగలడు, నిలుచున్నది నేలగూలును. వికలాంగుని దేవునిగనో దీనునిగనో తప్ప చూపలేని మన రచయితలు ఈ ఘట్టమును చదువవలెను. అతనికిని అహంకారముండుటకు హక్కు కలదు.

అదే నాటకమున రెండవ జంట యున్నది. ప్రమాదమున మెడనుండి క్రిందికి చలనము పోయిన ఆనీ, ఆమెను విడిచిపోయిన భర్త ఎడ్డీ. లారీ నడపుట మానుకొని పనిలేక యున్న అతడు జీతపు సహాయకురాలు రానినాడు ఆ పని తానే చేసెదనని వచ్చును. ఆమెను తొట్టిలో కూర్చుండబెట్టి నీళ్లు పోయుచు, వినవచ్చుచున్న సంగీతమునకు అనుగుణముగ ఆమె చేతిపై పియానో మెట్లు మీటినట్లు వ్రేళ్లాడించును. ఈ దృశ్యమును వర్ణించుటకన్న తలచుకొనుటయే మేలు. జీతమునకు బదులుగా అతడు కోరునది క్షమ. ఆమె అంత చౌకగా ఈయదు.

ఇవి పాశ్చాత్యుల గొడవలు, ఉమ్మడి కుటుంబమున్న మనకు పట్టవు అని కొందరందురు. కోలారు పేటలో, రాబర్ట్‌సన్‌పేటలో ముసలివారు మాత్రమే మిగిలిన యిండ్లు ఎన్నో వారే లెక్కించుకొందురు గాక. బిడ్డలు బెంగుళూరిలోను సముద్రముల కావలను ఉన్నారు. ఇంట నీళ్లు పోయు చేయి జీతపు చేయి. సంజయుడు మన వంటింటి ప్రక్కనే పడుకొనుచున్నాడు. అతని నాటకము మనకే కావలెను.

ఆ అమెరికా నాటకములో రచయిత్రి పట్టిన పట్టు మరియొకటి: ఆ రెండు పాత్రలను వైకల్యముగల నటులే ధరింపవలెనని. 2022లో బ్రాడ్వేలో ప్రదర్శించినప్పుడు జాన్ వేషమును సెరిబ్రల్ పాల్సీగల గ్రెగ్ మోజ్‌గాలాయు, ఆనీ వేషమును రెండు కాళ్లును లేని కేటీ సలివనును ధరించిరి. మన దేశమున ఇట్టిది సాధ్యమా యని సంశయించువారు గదగు దిక్కు చూడవలెను. పుట్టంధుడైన పంచాక్షరి గవాయిగారు (1892–1944) గదగున వీరేశ్వర పుణ్యాశ్రమమును స్థాపించి అంధ బాలురకు సంగీతము నేర్పిరి. ఆయన శిష్యుడు పుట్టరాజ గవాయిగారును (1914–2010) అంధులే. నాటకములు వ్రాసిరి, 2010లో పద్మభూషణ గౌరవము నందిరి. ఆ యాశ్రమమునకు ఒక నాటక మండలి యుండెడిది. అనాథలును అంధులును అయిన బాలురే గానము చేసిరి, వేషములు వేసిరి. వచ్చిన రాబడి ఆశ్రమపు అన్నపు మూకుడు లోనికి పోయెడిది. రంగముపై నాలుగడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పు గుర్తుంచుకొని నడచుట అంధునకు కష్టము కాదు. ఆ పలకపై కాలుపెట్టనిచ్చుటయే చూపున్నవారికి కష్టము. బ్రాడ్వే ఈనాడు చేసినదానిని మన కన్నడ సోదరులు ఎన్నడో, ఆకలి తీర్చుకొనుటకై చేసిరి. గొప్ప చెప్పుకొనుటకు వారికి తీరిక యుండలేదు.

ఇప్పుడు మా స్వంత నేలను గూర్చి. కోలారు బంగారు గనులలో తెలుగు, తమిళ కూలీలు రమారమి నూట ఇరువది యేండ్లు రాయి కొట్టిరి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతునకు పోయినది. 1940–46 నడుమ 7,653 మంది పనివారిని పరీక్షింపగా నూటికి నలువదిమందికి పైగా సిలికోసిస్ వ్యాధి కానవచ్చెనని వైద్య గ్రంథములు చెప్పుచున్నవి. రాతిధూళి ఊపిరితిత్తులలో గట్టిపడి శ్వాసను కుదించు వ్యాధి యది. పైకి ఏమియు కనబడదు. కాలు నిలుచును, కన్ను చూచును. పది మెట్లెక్కిన ఊపిరి యందదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. ఊపిరితిత్తులలో చేరిన ధూళికి మూత లేదు.

పద్యనాటకమునకు ప్రాణము ఊపిరి. ఒక్క గుక్కలో పద్యపాదమును దాటించి, చివర రాగమును అర నిమిషము నిలిపినవాడే మనకు నటుడు. అట్టి రంగముపై ఊపిరి కుదించినవాడు ఏ వేషము వేయగలడు? ఈ సీమ ప్రేక్షకులలో ఎందరో తాము చేయలేని దానిని చేయువానిని చూచుటకే ‘వన్స్‌మోర్’ అని అరచిరి కాబోలు, ఆ అరపునకు సరిపడ శ్వాస మిగిలినవారు. దీర్ఘశ్వాసగల అంధరాజు మన నాటకములో కలడు. శ్వాస లేని గనివాడు లేడు. సింహాసనమున్న వైకల్యమునకు పద్యములు దొరకినవి. కూలివాని వైకల్యమునకు నష్టపరిహారపు దరఖాస్తు మాత్రమే దొరకినది. ఈ లోటును తీర్చు తెలుగు నాటకము ఈ జిల్లానుండియే రావలెను. చిన్న చిన్న వాక్యములతో, నడుమ నడుమ ఆగి, మరల సాగు మాటలతో అది వ్రాయబడవలెను. ఛందస్సును ఊపిరితిత్తులే నిర్ణయింపగలవు.

అంతవరకు, ఉన్న భారతముతోనే చేయదగినది కొంత కలదు. మన సంఘముల వార్షికోత్సవమునకు ఉద్యోగ విజయములే కావలెనందురు, కానిండు. రంగమునకు మెట్లతో పాటు వాలుబాట యొకటి వేయింపుడు. వేషముల డబ్బు ముందుగా పంచివేయక, ధృతరాష్ట్రునకు చూపులేని గాయకు నొకని అడిగిచూడుడు; పద్యము వినిపించి నేర్పినచో మనకన్న త్వరగా పట్టుకొనును. సంజయునకు సంఘములోని మేటి నటుని నియమింపుడు. యుద్ధముతో తెర దింపక ఆశ్రమవాస పర్వమునుండి ఒక్క ఘట్టమును చేర్పుడు. తిక్కన సోమయాజి తెనిగించిన పర్వమే యది.

పదునైదేండ్లు ధర్మరాజు నీడన బ్రదికి, భీముని యెత్తిపొడుపులు విని విసిగి, ముసలిరాజు అడవికి బయలుదేరును. ముందు కుంతి. ఆమె భుజముపై చేయివైచి గంతలతో గాంధారి. గాంధారి భుజముపై చేయివైచి ధృతరాష్ట్రుడు. జీవితమంతయు తన కొడుకులను బాధించినవాని కుటుంబమునకు కుంతి కన్నులై నడచుచున్నది. ఆమె నెవరు నియమింపలేదు. సంజయుడును వెంట పోవును. రాజ్యము లేదు, కొలువు లేదు, జీతము లేదు. అడవిలో మిట్టపల్లములు వచ్చినప్పుడు రాజును నడిపించునది అతడే. తుదకు కార్చిచ్చు చుట్టుముట్టగా, పొమ్మని రాజే చెప్పి అతనిని పంపివైచును.

ఈ ఘట్టమునకు పద్యము అక్కరలేదు. హార్మోనియమును కాసేపు ఆపవలెను. రంగముయొక్క ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు నలుగురు నిదానముగా, చేతులు వీడక, నడచి పోవలెను.